గాజు గొట్టం చెప్పే ఘాటు లెక్క

శ్రీముఖలింగంలో శివుడి పేరు మధుకేశ్వరుడు. మధుకం అంటే మరేదో కాదు, ఇప్పచెట్టు. సవర నాయకుడి ఇద్దరు భార్యలు ఒకే ఇప్పచెట్టు కొమ్మలు పంచుకోవడం, శివభక్తురాలి కొమ్మ నుంచి బంగారు పూలు రాలడం, సవతుల పోరు పడలేక నాయకుడు చెట్టు నరకబోతే మొదట్లోంచి స్వామి ముఖంతో వెలవడం... శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలోని ఈ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన స్థలపురాణం. ఒకప్పటి కళింగ గాంగుల రాజధాని కళింగనగరం ఇదే. వ్యావహారిక భాషోద్యమ పితామహుడు గిడుగు రామమూర్తి 1863లో పుట్టిన పర్వతాలపేట కూడా దగ్గర్లోనే. ఇక్కడి శాసనాలు చదివిన ఆయనే కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చారు.

దేవుడికి పేరిచ్చిన ఆ చెట్టే కొండమీద సారా కుండలోకీ పూలిస్తుంది. మార్చి, ఏప్రిల్‌ నెలల్లో తెల్లారేసరికి చెట్టుకింద పరుచుకునే ఇప్పపూలను బుట్టల్లోకి ఏరి ఎండబెడతారు. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. దాన్ని నీళ్లలో నాలుగైదు రోజులు నానబెడితే పులుస్తుంది. కుండమీద కుండ పెట్టి కాస్తే ఆవిరి చల్లబడి సారాగా దిగుతుంది. మొదట దిగేది మంచి ఘాటు. పోనుపోను పలచబడి ఆఖరికి నీళ్లే మిగులుతాయి.

మరి ఎక్కడ ఆపాలి? దిగిన దాంట్లో ఆల్కహాల్‌ ఎంతుంది? పాతకాలం పద్ధతులు మూడు. నాలుకమీద వేసుకుని చూడటం. సీసా ఊపి నురగ పూసలు ఎంతసేపు నిలుస్తాయో చూడటం. నిప్పంటించి మండిందో లేదో చూడటం. మూడోది చాలామందికి వేదవాక్కు. ‘అగ్గిపుల్ల గీస్తే భగ్గుమంది, అసలు సరుకే’ అంటారు. నిజానికి అది సరుకు సంగతి కన్నా ఆ రోజు ఎండ సంగతే ఎక్కువ చెబుతుంది. 40 శాతం ఆల్కహాల్‌ ఉన్న ద్రవం మంట అందుకోవాలంటే అది సుమారు 26 డిగ్రీల సెల్సియస్‌ వేడిమీద ఉండాలి. 30 శాతానిదైతే దాదాపు 29 డిగ్రీలు. అంటే మే నెల మధ్యాహ్నం పలాసలో భగ్గుమనే పలచటి సారా, పుష్యమాసం పొద్దున సీతంపేట కొండల్లో ఎంత గీసినా అంటుకోదు. సరుకు ఒకటే, తీర్పులు మాత్రం రెండు!

పాలకేంద్రం పాఠం

పల్లెటూళ్లో ఎవర్నడిగినా లాక్టోమీటర్‌ తెలుసు. పాలకేంద్రంలో పాలగ్లాసులోకి వదిలే గాజు గొట్టం. చిక్కటి పాలలో పైకి తేలుతుంది, నీళ్లు కలిసిన పాలలో కిందికి దిగుతుంది. బ్యాటరీ దుకాణంలో యాసిడ్‌ బలం చూసేదీ ఆ జాతిదే. వీటన్నింటికీ ఇంటిపేరు హైడ్రోమీటర్‌. సారా, విస్కీ, శానిటైజర్‌ లాంటివాటిలో ఆల్కహాల్‌ శాతం చూపేదాన్ని ఆల్కహాల్‌ మీటర్‌ అంటారు. సూత్రం ఆర్కిమెడిస్‌ నాటిదే. ఒక లీటరు నీళ్లు దాదాపు కిలో తూగితే, లీటరు శుద్ధ ఆల్కహాల్‌ 789 గ్రాములే. కాబట్టి ఆల్కహాల్‌ పెరిగేకొద్దీ ద్రవం తేలికవుతుంది, గొట్టం లోతుకు మునుగుతుంది. కాడమీద అంకె చదువుకోవడమే.

ఈ గొట్టం కథ చాలా పాతది. క్రీస్తుశకం అయిదో శతాబ్దం మొదట్లో సైనీషియస్‌ అనే ఆయన తన గురువైన గణిత పండితురాలు హైపేషియాకు రాసిన ఉత్తరంలో ఇలాంటి పరికరం చేయించి పంపమని అడిగాడు. అయితే దీన్ని ఇంటింటి మాట చేసింది పండితులు కాదు, పన్ను వసూలుదార్లు. ఘాటును బట్టి సుంకం వేయాలంటే ఘాటు కొలవాలిగా మరి!

ఇంగ్లండులో మొదట తుపాకీమందును సారాలో తడిపి అంటించేవారంటారు. తడిసినా మందు అంటుకుంటే ఆ సారా ‘ప్రూఫ్‌’... అంటే రుజువైనట్టు. తర్వాత బార్తొలొమ్యూ సైక్స్‌ చేసిన ఇత్తడి హైడ్రోమీటర్‌కు 1816లో అక్కడి పార్లమెంటు చట్టబద్ధత ఇచ్చింది. 51 డిగ్రీల ఫారెన్‌హీట్‌ దగ్గర అంతే కొలత నీటి బరువులో సరిగ్గా పదమూడింట పన్నెండు వంతులు తూగేదే ప్రూఫ్‌ స్పిరిట్‌ అని తేల్చారు. ఈనాటి లెక్కలో అది 57.1 శాతం. తెల్లదొరలతోపాటు ఆ లెక్క మన అబ్కారీ గిడ్డంగుల్లోకీ వచ్చింది. బ్రిటన్‌ 1980లో సైక్స్‌ను పక్కనపెట్టి శాతాల్లోకి మారిపోయింది. మనదగ్గర దాని వాసన మాత్రం పోలేదు. ఎలాగంటారా? మనదేశంలో అమ్మే విస్కీ, బ్రాందీ సీసాలమీద 42.8 శాతం అని ఉంటుంది. నలభై కాదు, నలభై మూడూ కాదు, ఈ చిల్లర అంకె ఎందుకు? 57.1లో నూటికి 75 వంతులు కడితే వచ్చేది అదే. పాత లేబుళ్లమీద 75 డిగ్రీల ప్రూఫ్‌ అనో, 25 అండర్‌ ప్రూఫ్‌ అనో ఉండేది. తుపాకీమందు కాలం పోయినా లెక్క సీసామీద అలాగే ఉండిపోయింది.

కొనేముందు చూసుకోవాల్సినవి

ముందే ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా ఇంట్లో సారా కాచడం, బెల్లం ఊట దాచడం నేరం. 1968 నాటి ఎక్సైజు చట్టం ఉంది, 1995 నాటి మద్యనిషేధ చట్టమూ ఉంది. దూబగుంట మహిళలు 1992లో రగిలించిన ఉద్యమంతో 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చిన రాష్ట్రమిది. అయినా ఆల్కహాల్‌ మీటర్‌ అవసరం సారా బట్టీలకే అనుకుంటే పొరపాటు. కాలేజీ ల్యాబులు, అత్తర్ల తయారీదార్లు, హోమియో మందుల వాళ్లు, లైసెన్సున్న డిస్టిలరీలు... అందరికీ ఇది కావాలి. 2020లో కరోనా వచ్చి శానిటైజర్‌ కోసం జనం క్యూ కట్టినప్పుడు దీని విలువ ఇంకా తెలిసొచ్చింది. స్థానికంగా శానిటైజర్‌ తయారుచేసే వాళ్లకోసం ప్రపంచ ఆరోగ్యసంస్థ రాసిన మార్గదర్శిలో, కలిపిన ద్రావణాన్ని ఆల్కహాల్‌ మీటర్‌తో పరీక్షించాలని ఉంది. ఇథనాల్‌ 80 శాతం ఉండాలి, 75 నుంచి 85 మధ్య ఉంటే సరేననుకోవచ్చు. అంతకన్నా తగ్గితే క్రిములమీద నమ్మకం పెట్టుకోలేం.

ధర విషయానికొస్తే ఇది అంత ఖరీదైన వస్తువేం కాదు. మామూలు గాజు మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. మన ల్యాబుల్లోని గాజు సామాను చాలామటుకు హరియాణాలోని అంబాలా నుంచి వచ్చేదే. చిక్కంతా ఏది కొనాలో తెలియకపోవడంతోనే.

అందరూ చేసే మొదటి తప్పు, ఊట కొలిచే మీటరు తెచ్చి సారాలో ముంచడం. పులుస్తున్న ఊటలో చక్కెర ఉంటుంది, అది నీటికన్నా బరువు. దాని మీటరు అంకెలు 1.000 నుంచి పైకి వెళ్తాయి. కాచి దించిన స్పిరిట్‌ నీటికన్నా తేలిక, దాని అంకెలు అక్కణ్నుంచి కిందికి రావాలి. ఒకదాని పని ఇంకోటి చేయదు. పాల లాక్టోమీటర్‌తో నూనె కొలిచినట్టే.

రెండో చిక్కు ప్రూఫ్‌ దగ్గరే. తక్కువ ధరలో దొరికే మీటర్లలో చాలావాటిమీద ‘ప్రూఫ్‌’, ‘ట్రాలెస్‌’ అని రెండు వరసల అంకెలుంటాయి. ట్రాలెస్‌ అంటే శాతమే. అక్కడున్న ప్రూఫ్‌ మాత్రం అమెరికా ప్రూఫ్‌. వాళ్లకు 100 ప్రూఫ్‌ అంటే 50 శాతం, పాత బ్రిటిష్‌ లెక్కలో 57.1. అదే 75 ప్రూఫ్‌ అమెరికాలో 37.5 శాతం, మనకు 42.8. తలనొప్పి ఎందుకు? శాతాల వరసే చూసుకుంటే పోతుంది.

మూడోది, కాస్త లోతైన సంగతి. సున్నా నుంచి నూరు దాకా ఒకే కాడమీద కుక్కిన మీటరు చవక. కానీ ఒక్కో శాతానికి ఒక గీత, కొన్నింటిలో రెండేసి శాతాలకు ఒకటి. గీతలు కిక్కిరిసి ఉంటాయి. అరశాతం తేడా కనిపెట్టడం దేవుడికే ఎరుక. 40 నుంచి 50 వరకు, 70 నుంచి 80 వరకు... ఇలా పదేసి శాతాలకే పరిమితమైన మీటర్లూ ఉంటాయి. వాటి కాడంతా ఆ పది శాతాలకే కాబట్టి గీతలు ఎడం ఎడంగా పడతాయి, శాతంలో పదో వంతునో అయిదో వంతునో చూపిస్తాయి. రోజూ ఒకే రకం సరుకు కొలిచేవారు వందలోపు మీటరు ఒకటి అంచనాకు ఉంచుకుని, తమకు కావాల్సిన పదింటి మీటరు ఒకటి కొనుక్కుంటే రెండూ కలిపినా పెద్ద ఖర్చవదు. ఎన్‌ఏబీఎల్‌ గుర్తింపున్న ల్యాబు కాలిబ్రేషన్‌ సర్టిఫికెట్‌తో వచ్చేది ఖరీదెక్కువ. పన్ను, అమ్మకం, కోర్టు లాంటి వ్యవహారం ఉంటే అదే కొనాలి. నేర్చుకోవడానికైతే అక్కర్లేదు.

ఎండదెబ్బ మీటరుకీ ఉంది

మీటరుమీద సన్నటి అక్షరాల్లో ‘20 డిగ్రీల సెల్సియస్‌’ అనో ‘60 డిగ్రీల ఫారెన్‌హీట్‌’ అనో రాసి ఉంటుంది. చాలామంది దాన్ని చూడనైనా చూడరు. అసలు కిటుకంతా అక్కడే. ఆ వేడిమి దగ్గరే మీటరు చెప్పేది నిజం. మన ఉత్తరాంధ్రలో 20 డిగ్రీలంటే డిసెంబరు తెల్లవారుజామే. మిగతా రోజుల్లో ద్రవం వేడెక్కి వ్యాకోచిస్తుంది, తేలికవుతుంది, గొట్టం ఇంకాస్త మునుగుతుంది. ఆల్కహాల్‌ ఎక్కువ ఉన్నట్టు అబద్ధం చెబుతుంది. 40 శాతం చుట్టుపక్కల ఒక్కో డిగ్రీ వేడికి దాదాపు 0.4 శాతం తేడా. గది 32 డిగ్రీలుంటే 40 శాతం సరుకు ఇంచుమించు 45లా కనిపిస్తుంది. అమ్మేవాడికి పండగ, కొనేవాడికి టోపీ! శానిటైజర్‌ చేసేవాళ్లకైతే ఇది మరీ ప్రమాదం. చాలినంత ఉందనుకుని పలచటిది సీసాలకెక్కించేస్తారు. కాబట్టి మీటరుతోపాటు మంచి థర్మామీటర్‌ కూడా కొనాలి. సవరణ పట్టిక దగ్గరుంచుకోవాలి. లేదంటే కొలజాడీని చల్లనీళ్ల గిన్నెలో నిలబెట్టి 20 డిగ్రీలకు తెచ్చి కొలవాలి.

కొలవడంలోనూ చిన్నచిన్న మర్యాదలున్నాయి. మీటరు శుభ్రంగా ఉండాలి, వేలిముద్రల జిడ్డున్నా అంకె మారుతుంది. జాడీ గోడకు ఆనకుండా మధ్యలో తేలాలి. బుడగలు అంటుకుంటే మెల్లగా తిప్పి వదిలించాలి. కాడ చుట్టూ ద్రవం కాస్త పైకి పాకినట్టు కనిపిస్తుంది. ఆ అంచు కాదు, కళ్లు సమానంగా పెట్టి అసలు ద్రవమట్టం దగ్గర చదవాలి.

కొన్న మీటరు నిజాయతీని ఇంట్లోనే పరీక్షించవచ్చు. 20 డిగ్రీల డిస్టిల్డ్‌ వాటర్‌లో వదిలితే సున్నా చూపాలి. ఒక్క సున్నా సరిపోయినంత మాత్రాన నమ్మేయకూడదు, రెండో సాక్షి కావాలి. చక్కెర, రంగు కలపని వోడ్కా సీల్డు సీసా తెరిచి కొలిస్తే లేబులుమీది 42.8కి దగ్గరగా రావాలి. లోపలి కాగితం స్కేలు జిగురు వదిలి జారడం చవక మీటర్లకు పుట్టుకతో వచ్చిన జబ్బు. కొన్నరోజే సున్నా గీత ఎదురుగా గాజుమీద సన్నటి గుర్తు పెట్టుకుంటే, జారిన రోజు ఇట్టే తెలిసిపోతుంది.

ఇక రంగు, తీపి కలిపిన వాటిలో ఏ మీటరైనా తడబడుతుంది. చక్కెర బరువు పెంచేసి ఆల్కహాల్‌ను దాచేస్తుంది. అందుకే ల్యాబుల్లో ముందు నమూనాను మళ్లీ కాచి, దిగినదాన్నే కొలుస్తారు.

గాజు కన్నా త్రాసు మేలు

చవగ్గా కచ్చితంగా కావాలంటే మీటరు పక్కన పెట్టి తూచడమే ఉత్తమం. ఇంటర్మీడియట్‌ ల్యాబులో కనిపించే 50 మిల్లీలీటర్ల స్పెసిఫిక్‌ గ్రావిటీ సీసా, గ్రాములో వందో వంతు చూపే చిన్న డిజిటల్‌ త్రాసు ఉంటే చాలు. 20 డిగ్రీల దగ్గర ఆ సీసాలో పట్టే నీళ్లు 49.9 గ్రాములు. 40 శాతం స్పిరిట్‌ 47.4 గ్రాములు, 50 శాతానిది 46.5 గ్రాములు. నలభై దగ్గర ఒక్క శాతం మారితే బరువు 0.08 గ్రాములకు పైగా మారుతుంది. అంటే ఆ బుల్లి త్రాసు శాతంలో దాదాపు పదో వంతు దాకా పట్టేయగలదు. నమూనా కూడా గుక్కెడు చాలు. ముందు నీళ్లతో తూచి సీసా అసలు కొలత సరిచూసుకోవడం మాత్రం మరవొద్దు. బరువుకీ శాతానికీ మధ్య మాత్రం తిన్నటి గీత లేదు. 50 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో 50 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే వంద రావు, దాదాపు 96, 97 వస్తాయి. నీటి అణువులు, ఆల్కహాల్‌ అణువులు ఒకదాని సందుల్లో ఒకటి సర్దుకుంటాయి. అందుకే మనసులో లెక్క కట్టకుండా పట్టిక చూడాలి.

ఇప్పసారా లాంటి సంప్రదాయ పానీయాలకు ఈ కొలతే కొన్నిచోట్ల గౌరవం తెచ్చింది. మధ్యప్రదేశ్‌ ప్రభుత్వం 2022లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించింది. అలీరాజ్‌పూర్‌, డిండోరి జిల్లాల్లో గిరిజన స్వయంసహాయక సంఘాలు దాన్ని తయారుచేసి సీసాల్లో నింపే ఏర్పాటు జరిగింది. లేబులుమీద శాతం వేయాలంటే నాలుక, అగ్గిపుల్ల పనికిరావు కదా. గోవాలో జీడిమామిడి పండ్ల రసంతో చేసే ఫెణికి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2016లో ఆ రాష్ట్రం దాన్ని తమ వారసత్వ పానీయంగా ప్రకటించింది. అక్కడి పాత బట్టీలవాళ్లు ఇప్పటికీ ‘గ్రావ్‌’ అనే డిగ్రీల్లో మాట్లాడతారు, 19, 20 గ్రావ్‌లు చూపితే ఫెణి అయినట్టు. చిత్రం చూడండి, జీడికి మనదేశంలో పేరున్న పలాస శ్రీముఖలింగానికి ఎంతో దూరం లేదు. ఉద్దానం తోటల్లో గింజ తీసుకున్నాక పండు మాత్రం చాలామటుకు చెట్టుకిందే కుళ్లిపోతుంది. సారా మాటెత్తితే ఉద్యమాల జ్ఞాపకాలున్న రాష్ట్రంలో ఇది తేలిగ్గా తేలే వ్యవహారం కాదు. పండ్ల రసం, సిరప్పు లాంటివైనా ఎందుకు పెరగలేదన్నది వేరే చర్చ.

మీటరుకు కనబడని మృత్యువు

ఇన్ని చెప్పే మీటరు చెప్పలేనిది ఒకటుంది. ప్రాణం తీసేదీ అదే. మిథనాల్‌... పరిశ్రమల్లో వాడే విషపు ఆల్కహాల్‌. శుద్ధ ఇథనాల్‌ లీటరు 789 గ్రాములు తూగితే మిథనాల్‌ 792 గ్రాములు. సాంద్రతలో ఉన్నది వెంట్రుకవాసి తేడా. సారాలో సగం మిథనాల్‌ కలిపినా హైడ్రోమీటర్‌ అంత శాతం ఆల్కహాల్‌ ఉందని అమాయకంగా చూపిస్తుంది. పాలలో నీళ్లు పోసి చక్కెర వేస్తే లాక్టోమీటర్‌ మోసపోయినట్టే. అగ్గిపుల్ల పరీక్ష కూడా అంతే, మిథనాల్‌ కూడా చక్కగా మండుతుంది. రుచి, వాసనలతోనూ సామాన్యుడు పట్టుకోలేడు.

తమిళనాడులోని కళ్లకురిచ్చిలో 2024 జూన్‌లో మిథనాల్‌ కలిసిన కల్తీసారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. ఇథనాల్‌ పులియబెట్టిన ఊటలోంచి వస్తుంది కానీ, ఇలాంటి ఘోరాల్లో మిథనాల్‌ బట్టీలో పుట్టదు. ఎక్కువగా పరిశ్రమల డ్రమ్ముల్లోంచి దొంగతనంగా వచ్చి కలుస్తుంది. మన ప్రకాశం జిల్లా కురిచేడులో 2020 జులై చివర్లో మద్యం దొరక్క శానిటైజర్‌ తాగినవారు పదిమందికి పైగా మరణించారు. ‘ఆల్కహాల్‌ ఉంది’ అన్న ఒక్క మాట ఎంత ప్రమాదకరమో ఆ ఊరికి తెలుసు.

మిథనాల్‌ను పట్టేది ల్యాబులోని గ్యాస్‌ క్రొమటోగ్రాఫ్‌ యంత్రం. ఒంట్లోకి వెళ్లాక అది వెంటనే బయటపడదు. చాలాసార్లు పన్నెండు గంటల నుంచి ఒక రోజు దాకా మామూలు మత్తులాగే ఉంటుంది. కాలేయంలో ఫార్మిక్‌ ఆమ్లంగా మారాక కళ్లు మసకబారతాయి, మంచులో చూస్తున్నట్టుంటుంది. కడుపునొప్పి, వాంతులు, ఆయాసం మొదలవుతాయి. తాగిన మనిషికి చూపు మసకగా ఉందంటే ‘దిగిపోతుందిలే’ అని పడుకోబెట్టకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. వీలైతే మిగిలిన సీసా కూడా పట్టుకెళ్లాలి. అక్కడ ఫోమెపిజోల్‌ అనే మందు ఇస్తారు. అది అందుబాటులో లేకపోతే డాక్టర్లు రక్తంలో శాతం చూసుకుంటూ శుద్ధమైన ఇథనాల్‌నే విరుగుడుగా ఎక్కిస్తారు. కాలేయం ఇథనాల్‌ పనిలో పడి మిథనాల్‌ను వదిలేస్తుంది, ఈలోగా డయాలసిస్‌తో దాన్ని బయటకు పంపుతారు.